కొత్త చక్రాల మీద పాత బండి

నా అల్మారాలో ఉన్న మోడల్ కార్లలో ఒక్కటి కూడా ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఉన్నట్టుగా ఉండదు. అన్నీ 1964కీ 1973కీ మధ్య అమెరికాలో తయారైన మజిల్ కార్లే, అంటే మధ్యరకం బాడీలో పెద్ద ఇంజను దింపిన బండ్లు. షెవెల్, కమారో, చార్జర్, బారకుడా, జీటీఓ. కానీ ప్రతిదానికీ ఇవాళ్టి పెద్ద రిమ్ములు, సన్నటి టైర్లు. బండి నేలకి బాగా దగ్గరగా కూర్చుని ఉంటుంది. బంపర్లు బాడీకి అతుక్కుపోయి ఉంటాయి, క్రోమ్ సగానికి సగం తగ్గిపోయి ఉంటుంది. లోహాన్ని అచ్చుల్లో పోతపోసి చేసే డైకాస్ట్ మోడళ్ళు సేకరించేవాళ్ళలో చాలామందికి ఇవి గిట్టవు. "దాచుకుంటే అసలు బండిని దాచుకోవాలి గానీ, ఎవరో మార్చేసినదాన్ని దాచుకోవడమేంటి" అంటారు. ఎన్నిసార్లు విన్నా ఆ మాట నేను ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోనో ఇవాళ తీరిగ్గా రాద్దామని కూర్చున్నాను.

నేనుండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్కన. కార్ల కంపెనీలకి బ్రేకులు చేసిచ్చే ఒక సంస్థలో ఇంజనీరుని. పుట్టి పెరిగింది విజయవాడ. నాన్నకి ఆటోనగర్‌లో టింకరింగ్, పెయింటింగ్ షెడ్డు ఉండేది. ఈ రెండూ ఎందుకు చెబుతున్నానంటే, నేను మోడల్ కారుని చూసే చూపు ఈ రెండు చోట్ల నుంచే వచ్చింది. చక్రం లోపలికి తొంగి చూడటం ఉద్యోగం నేర్పింది. రేకు మీద వెలుగు ఎక్కడ విరుగుతోందో పట్టుకోవడం నాన్న నేర్పాడు.

ముందు "అసలు బండి" అనే మాట సంగతి చూద్దాం. మజిల్ కార్లకి మూలపురుషుడని అందరూ చెప్పేది 1964 పోంటియాక్ జీటీఓ. అది ఎలా పుట్టింది? పోంటియాక్ అప్పట్లో జనరల్ మోటార్స్ కింది కంపెనీ. పోంటియాక్‌లో జాన్ డిలోరియన్, బిల్ కాలిన్స్, రస్ జీ అనే ముగ్గురు ఇంజనీర్లు కలిసి, మధ్యరకం సైజున్న టెంపెస్ట్‌లో పెద్ద కార్లకి వాడే 389 క్యూబిక్ అంగుళాల ఇంజను దింపారు. ఆ సైజు కార్లకి 330 దాటిన ఇంజను పెట్టకూడదని జనరల్ మోటార్స్‌లో నిబంధన. దాన్ని తప్పించుకోవడానికి జీటీఓని కొత్త మోడల్‌గా చూపించకుండా, టెంపెస్ట్‌లోనే ఖరీదైన రకమైన లెమాన్స్‌ మీద 295 డాలర్ల ఆప్షన్ ప్యాకేజీగా పెట్టారు. ఆ మొదటి ఏడాదే 32,450 అమ్ముడుపోయాయి. ఇంకో బండి ఇంజను తెచ్చి ఈ బండిలో బిగించడం అంటే ఆటోనగర్‌లో ఏ షెడ్డులోనైనా రోజూ జరిగే పనే. పోంటియాక్ వాళ్ళు ఆ పనిని కంపెనీ వారంటీతో చేశారు. కాబట్టి మజిల్ కారుకి పుట్టుకతోనే మార్పు ఉంది. దాన్ని కొనుక్కున్న కుర్రాళ్ళు కూడా ఊరుకోలేదు. చక్రాలు మార్చారు, వెనక ఎత్తారు, కార్బురేటర్లు మార్చారు. అప్పట్లో డెట్రాయిట్ నుంచి పోంటియాక్ ఊరిదాకా పోయే వుడ్‌వర్డ్ అవెన్యూ మీద రాత్రిళ్ళు పందేలు నడిచేవి. ఆ రోడ్డు మీదకి ఫ్యాక్టరీ రూపంతో వచ్చిన బండి ఎన్నాళ్ళు అలాగే ఉండేదంటారు?

మోడళ్ళ చరిత్ర చూసినా అంతే. హాట్ వీల్స్ 1968లో పదహారు కార్లతో మొదలైంది. అందులో పది కార్ల పేర్లు "కస్టమ్" (సొంతానికి మార్చుకున్నది) అనే మాటతోనే మొదలవుతాయి. కస్టమ్ కమారో, కస్టమ్ మస్టాంగ్, కస్టమ్ బారకుడా, కస్టమ్ ఫైర్‌బర్డ్, కస్టమ్ కూగర్, ఇలా. ఆ మొదటి కార్లలో చాలావాటిని గీసిన హ్యారీ బ్రాడ్లీ జనరల్ మోటార్స్‌లో డిజైనర్‌గా పనిచేసి వచ్చినవాడు. కాలిఫోర్నియాలో కుర్రాళ్ళు కార్లని ఎలా మార్చుకుంటున్నారో అలాగే గీశాడు. వెనక చక్రాలు పెద్దవి, ముందువి చిన్నవి, బానెట్ మీద స్కూపు, టైరు మీద ఎర్ర గీత. పాలిష్ పట్టిన లోహం మీద అద్దంలాంటి పారదర్శకమైన రంగు వేశారు. స్పెక్ట్రాఫ్లేమ్ అంటారు దాన్ని. ఇవాళ ఆ 1968 కార్లకి వేలం పాటల్లో పలికే ధరలు చూసి కళ్ళు తిరుగుతాయి. వాటిని గాజు పెట్టెలో పెట్టి పూజించేవాళ్ళే ఇప్పటి కస్టమ్ మోడళ్ళని తక్కువ చేసి మాట్లాడితే నాకు బాధగా ఉంటుంది. ఆనాటి వీధిని ఆనాడు పోతపోశారు. ఇవాళ్టి వీధిని ఇవాళ పోతపోస్తున్నారు.

ఇవాళ్టి వీధిలో నడిచే పద్ధతికి ప్రో టూరింగ్ అని పేరు. పాత బాడీ కింద కొత్త సస్పెన్షన్, కొత్త బ్రేకులు, చాలాసార్లు కొత్త ఇంజను కూడా. తిన్నటి రోడ్డు మీద పావు మైలు ఉరకడమే కాకుండా మలుపులు తిరగాలి, ఆగాలి, వందల మైళ్ళు పోయి రావాలి. 1990ల్లో మార్క్ స్టీలో అనే జనరల్ మోటార్స్ ఇంజనీరు 1969 కమారోలని ఈ దారిలో కట్టి, దూరపు పోటీల్లో నడిపి చూపించాడు. తర్వాత చిప్ ఫూజ్ అనే కార్ల డిజైనర్, విస్కాన్సిన్‌లో స్ప్రింగ్ గ్రీన్ అనే చిన్న ఊళ్ళో ఉండే రింగ్ బ్రదర్స్ లాంటివాళ్ళు దీన్ని కళ స్థాయికి తీసుకెళ్ళారు. ప్రతి నవంబరులో లాస్ వేగస్‌లో జరిగే సేమా అనే కార్ల విడిభాగాల ప్రదర్శనలో వీళ్ళ బండ్ల చుట్టూ నిలబడటానికి చోటుండదు. మోడళ్ళు చేసే కంపెనీలు ఆకారాలు ఎత్తుకునేది ఇక్కణ్ణుంచే.

ఇప్పుడు ఒక బండిని దగ్గరగా చూద్దాం. 1970 షెవెల్ ఎస్ఎస్, 1:24 స్కేలు (అసలు బండిలో ఇరవై నాలుగో వంతు), ముదురు నీలం, బానెట్ మీద రెండు నల్ల పట్టీలు. అసలు బండికి ఎల్ఎస్6 అనే 454 క్యూబిక్ అంగుళాల ఇంజను పెడితే కంపెనీ రాసుకున్న లెక్క 450 హార్స్ పవర్. బరువు పదిహేడు వందల కిలోల పైనే. అంత బరువుని, అంత వేగాన్ని ఆపడానికి ముందు చక్రాలకి 11 అంగుళాల డిస్కులు, వెనక డ్రమ్ములు. అంతే. టైరు కాకుండా చక్రం 14 అంగుళాలు. బ్రేకుల లెక్కలే తిండి పెడుతున్న మనిషిని కదా, ఈ అంకెలు చూస్తే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

ఈ బండిని ఇవాళ నిజంగా నడపాలనుకున్నవాడు మొట్టమొదట మార్చేది బ్రేకులే. 14 అంగుళాల డిస్కులు, డిస్కుని నొక్కి పట్టే ఆరు పిస్టన్ల కాలిపర్లు వేస్తాడు. 14 అంగుళాల డిస్కు 14 అంగుళాల చక్రం లోపల పట్టదు కాబట్టి 18 అంగుళాల చక్రం పెడతాడు. పెద్ద చక్రాలు సోకు కోసం అనుకునేవాళ్ళు ఒక్కసారి ఈ వరస చూడాలి. బ్రేకు పెరిగితే చక్రం పెరిగింది.

ఆఫీసులో ఒక స్నేహితుడి దగ్గర ఇదే షెవెల్ స్టాక్ రూపంలో, అంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టుగా, ఉంటే అడిగి తెచ్చుకుని, రెండూ పక్కపక్కన పెట్టి వెర్నియర్‌తో కొలిచాను. 1:24లో 14 అంగుళాలంటే 14.8 మిల్లీమీటర్లు. స్టాక్ బండిలో మొత్తం చక్రం సైజు అది. కస్టమ్ బండిలో చక్రం చువ్వల వెనక కనిపించే బ్రేకు డిస్కు ఒక్కటే దాదాపు అంతుంది! నేను పుట్టకముందు తయారైన బండి చక్రమంత డిస్కు ఇవాళ్టి బండి చక్రం లోపల దాక్కుని ఉంది. నా వృత్తిలో యాభై ఏళ్ళుగా జరిగిన పనంతా ఆ చువ్వల సందులో కనిపించింది. స్నేహితుడి బండి వెనక్కి ఇవ్వడానికి మనసొప్పక ఇంకో వారం ఉంచుకున్నాను.

ఇంకో కొలత కూడా ఉంది, మోడల్ కొనేముందు నేను తప్పకుండా చూసేది. టైరుతో సహా చక్రం మొత్తం ఎత్తు. 1970 షెవెల్‌కి వచ్చిన ఎఫ్70-14 టైరు ఎత్తు దాదాపు 26 అంగుళాలు. ఇప్పటి 245/40 ఆర్18 టైరు ఎత్తు కూడా దాదాపు అంతే. అంటే బయటి ఎత్తు మారలేదు. లోపల లోహం పెరిగింది, రబ్బరు తగ్గింది. మంచి ప్రో టూరింగ్ బండికి ఇదే గుర్తు. 1:24లో అది ఇరవై ఏడు, ఇరవై ఏడున్నర మిల్లీమీటర్లు రావాలి. వెనక టైర్లు కాస్త పెద్దవి కావచ్చు, ముప్పై దాకా ఫరవాలేదు. కొన్ని కంపెనీలు రిమ్ముతో పాటు టైరుని కూడా పెంచేస్తాయి. అప్పుడు వీల్ ఆర్చి నిండిపోయి, బండి పైకి లేచి, కాళ్ళు పొడుగైన పిల్లవాడు నిక్కరులో నిలబడ్డట్టు కనిపిస్తుంది. బొమ్మ ఎంత బాగున్నా అలాంటిది నేను కొనను.

ధర తక్కువ మోడళ్ళలో ఇంకో లోపం చూస్తుంటాను. కాలిపర్‌కి ఎర్ర రంగు అందంగా వేస్తారు. కానీ దాన్ని చక్రంతో కలిపి ఒకే ముక్కగా పోతపోస్తారు. చక్రం తిప్పితే కాలిపర్ కూడా గిర్రున తిరుగుతుంది. కాలిపర్ పనే కదలకుండా ఉండి డిస్కుని పట్టుకోవడం! డిస్కు చక్రంతో తిరిగి, కాలిపర్ ఇరుసు దగ్గర నిలిచి ఉండేలా చేసిన మోడల్ చేతికొస్తే, దాన్ని చేసినవాడెవడో బండి కింద పడుకుని చూసినవాడేనని తెలిసిపోతుంది. అలాంటిదానికి నాలుగు డాలర్లు ఎక్కువైనా ఇస్తాను.

కస్టమ్ బండి గురించి నేను చెప్పాలనుకున్న అసలు మాట నా నోటికంటే ముందు నాన్న నోటి నుంచి వచ్చింది. అమ్మా నాన్నా ఒక వేసవిలో మా దగ్గరికి వచ్చినప్పుడు నాన్నని వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌కి తీసుకెళ్ళాను. 1995లో మొదలైన ఉత్సవం అది. ఆగస్టు మూడో శనివారం ఫెర్న్‌డేల్ నుంచి పోంటియాక్ దాకా పదహారు మైళ్ళ రోడ్డు పొడుగునా పాత కార్లే. రోడ్డు పక్కన జనం మడత కుర్చీలు వేసుకుని పొద్దుటి నుంచే కూర్చుంటారు. గాలిలో కాలని పెట్రోలు వాసన. నాన్నకి ఇంగ్లీషు రాదు, ఎండ పడదు, ఒక గంట చూసి వచ్చేద్దామనుకున్నాం. సాయంత్రం దాకా కదల్లేదు.

ఒక పార్కింగ్ స్థలంలో నల్లటి 1969 కమారో ఆగి ఉంది. పద్దెనిమిది అంగుళాల బూడిద రంగు చక్రాలు, నేలకి జానెడు ఎత్తు. నాన్న దాని వెనక మడ్‌గార్డు దగ్గర గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి, రేకు పొడుగునా చూశాడు. ఆటోనగర్‌లో లారీ డోరుకి వాటర్ పేపర్ కొట్టాక ఎలా చూసేవాడో అలాగే. బండి యజమాని, నాన్న వయసువాడే, దగ్గరికొచ్చి నవ్వుతూ నిలబడ్డాడు.

"పుట్టీ ఎంత పెట్టారో అడగరా" అన్నాడు నాన్న.

అడిగాను. పుట్టీ పెద్దగా లేదని, తుప్పు పట్టిన పాత రేకు కోసేసి కొత్త క్వార్టర్ ప్యానెల్ (వెనక చక్రం చుట్టూ ఉండే రేకు) వెల్డింగ్ చేశామని చెప్పాడాయన.

"ఇన్నేళ్ళ బండికి కొత్త రేకు దొరుకుతుందా?"

దొరకడమేంటి, 1969 కమారోకి మొత్తం బాడీ షెల్లే కొత్తగా చేసి అమ్ముతున్నారని నేను చెబితే నాన్న నమ్మలేదు. ఆయన చేత చెప్పించాల్సి వచ్చింది. ఆ బండికి ముందు చక్రం పైనుంచి ఒకటి, వెనక చక్రం పైనుంచి ఒకటి, వెనక్కి సాగే గీతలుంటాయి. గాలి రేకుని లాగేసినట్టు ఉంటుంది. 1969 కమారోని దూరం నుంచి గుర్తుపట్టేది ఆ గీతలతోనే. నాన్న దాని మీద వేలు ఆనించకుండా గాల్లోనే ఆ గీత వెంట చెయ్యి పోనిచ్చాడు.

"చక్రాలు మార్చాడు, ఎత్తు మార్చాడు, బంపరు లోపలికి నొక్కాడు. ఈ గీత మాత్రం ముట్టుకోలేదు. పనోడికి తెలుసురా ఏది వదిలెయ్యాలో."

ఇది మళ్ళీ నేను ఇంగ్లీషులో చెబితే ఆ పెద్దాయన నాన్న చెయ్యి పట్టుకుని ఊపేశాడు. తర్వాత ఇద్దరూ బానెట్ తెరుచుకుని, భాష లేకుండానే అరగంట మాట్లాడుకున్నారు. నేను నీళ్ళ సీసాలు తేవడానికి వెళ్ళి వచ్చేసరికి నాన్న బండి కింద టార్చి వేసి చూస్తున్నాడు.

అప్పట్నుంచి నేను ఏ మోడల్ పట్టుకున్నా ఏది మార్చారో చూసే ముందు ఏది వదిలేశారో చూస్తాను. 1968-69 డాడ్జ్ చార్జర్‌కి వెనక అద్దం లోపలికి ఉండి, రెండు పక్కలా రేకు రెక్కల్లా సాగి దిగుతుంది. ముందు హెడ్‌లైట్లు గ్రిల్లు వెనక దాగి ఉంటాయి. ఈ రెండూ ఉంటే మిగతాది ఎంత మార్చినా అది చార్జరే. బారకుడాకి వెనక చక్రం పైన ఉబ్బిన తుంటి ఉండాలి. షెవెల్‌కి బానెట్ మధ్యలో ఉబ్బు ఉండాలి. అసలు బండిలో ఆ ఉబ్బు వెనక అంచున ఒక చిన్న మూత ఉంటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే అది తెరుచుకుని అద్దం కింది నుంచి చల్లగాలి పీలుస్తుంది. నా నీలం షెవెల్‌లో ఆ మూత తెరుచుకోదు గానీ, దాని అంచు గీత వెంట్రుకవాసి లోతుతో స్పష్టంగా ఉంది. రెండో ముక్కగా కనబడేలా అచ్చులోనే కోశారు. దాన్ని తీసెయ్యకుండా ఉంచాలనుకున్న మనిషి మీద నాకు గౌరవం.

రంగు గురించి చెప్పకపోతే నాన్న ఊరుకోడు. పెద్ద బండికి మెటాలిక్ రంగు వేస్తే అందులో మెరిసే అల్యూమినియం రేణువులు ఇరవై ముప్పై మైక్రాన్లుంటాయి, దగ్గరికెళ్ళి చూస్తే గానీ విడివిడిగా కనబడవు. అదే రేణువుని 1:24 మోడల్ మీద వేస్తే, ఆ స్కేలులో అది అర మిల్లీమీటరు, ముప్పావు మిల్లీమీటరు రేణువుతో సమానం. ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది. అందుకే చిన్న మోడళ్ళ మీద ముదురు ఒంటి రంగులు, బాగా మెత్తటి పెర్ల్ రంగులు నప్పినట్టు గరుకు మెటాలిక్ నప్పదు. రంగు మందం సంగతీ అంతే. రెండు పూతలు ఎక్కువైతే తలుపు సందులు పూడుకుపోతాయి, బాడీ గీతల పదును పోతుంది. అల్మారా దీపం వెలుగులో మోడల్‌ని కంటి ఎత్తుకి తెచ్చి పక్క నుంచి చూడండి. దీపం ప్రతిబింబం ముందు మడ్‌గార్డు మీద మొదలై, తలుపు మీదుగా, డిక్కీ దాకా విరక్కుండా పారితే ఆ పోత మంచిది, ఆ రంగు మంచిది. తలుపు దగ్గర మెట్టు దిగినట్టు విరిగితే తలుపు సరిగ్గా కూర్చోలేదని అర్థం.

కొనాలనుకునేవాళ్ళ కోసం నాలుగు మాటలు. ఇష్టం మొదలైతే 1:24తో మొదలుపెట్టడం మంచిదని నా ఉద్దేశం. జేడా టాయ్స్ వాళ్ళ బిగ్‌టైమ్ మజిల్ వరస, మైస్టో వాళ్ళ ప్రో రాడ్జ్ వరస ఈ శైలికే పుట్టినవి. ఇక్కడ ఇరవై, ముప్పై డాలర్లలో దొరుకుతాయి. తలుపులు, బానెట్ తెరుచుకుంటాయి. చేతిలో పట్టుకుంటే బరువుంటుంది. మైస్టో చార్జర్ మాత్రం 1:25, పక్కన పెట్టినప్పుడు వెంట్రుకవాసి చిన్నగా కనబడితే కంగారు పడకండి. 1:18లో జీఎంపీ, ఆక్మీ వాళ్ళవి చాలా గొప్పగా ఉంటాయి, ధర వంద డాలర్లు దాటుతుంది. జీటీ స్పిరిట్ వాళ్ళు రింగ్ బ్రదర్స్ కట్టిన కార్లని రెసిన్‌లో చేస్తారు. రెసిన్‌లో గీతలు కత్తిలా వస్తాయి, కానీ తలుపులు తెరుచుకోవు. తలుపు తెరవలేని బండితో నాకు కుదరదు. చూసి ఆనందిస్తాను, కొనుక్కోను. 1:64లో హాట్ వీల్స్ ప్రీమియం వరసల్లో రబ్బరు టైర్లున్నవి తీసుకోండి. ప్లాస్టిక్ చక్రాలతో ఈ శైలి పలకదు.

విజయవాడలో మా పిన్ని కొడుకు 1:64 సేకరిస్తాడు. వాడికి ఇవి దొరకడం నాకు దొరికినంత తేలిక కాదు. మన దేశంలో బొమ్మల దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. 2021 జనవరి నుంచి బీఐఎస్ నాణ్యతా ముద్ర తప్పనిసరి. దేశీ తయారీకి మంచిదే కావచ్చు గానీ, ఒక్క షెవెల్ కోసం వాడు నెలల తరబడి ఎదురుచూడటం చూస్తే జాలేస్తుంది. నిజం బండిని మార్చుకుందామా అంటే అదీ కుదరదు. కంపెనీ ఇచ్చిన నిర్మాణానికి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోందని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. రోడ్డు భద్రత కోసం ఆ కట్టడి అవసరమేనని బ్రేకులవాడిగా నేనూ అంటాను. అందుకే వాడి బల్ల మీద చిన్న డ్రిల్లు, పెయింటు బ్రష్షులు, చైనా నుంచి తెప్పించిన రబ్బరు టైర్లు ఉన్నాయి. మోడల్ అడుగున రివెట్టు తొలిచి, విడదీసి, వాడికి కావలసిన ఎత్తులో వాడే దింపుకుంటున్నాడు. మొన్న వీడియో కాల్‌లో ఒక మస్టాంగ్ చూపించాడు. పక్కనే కూర్చున్న నాన్న అందుకుని "కుడి వెనక చక్రం బయటికొచ్చింది చూడరా, ఇరుసు అర మిల్లీమీటరు కొయ్యి" అన్నాడు. మర్నాటికి కోసేశాడు.

దాచుకోవడంలో జాగ్రత్తలు. ఈ బాడీలు జమాక్ అనే మిశ్రమ లోహంతో చేస్తారు. జింకు ప్రధానం, నాలుగు శాతం అల్యూమినియం, కొద్దిగా మెగ్నీషియం, రాగి. సుమారు 385 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి ఉక్కు అచ్చుల్లో వేగంగా, సన్నటి గీతలతో పోతపోయవచ్చు. కానీ అందులో సీసంలాంటి మలినం కలిస్తే కొన్నేళ్ళకి లోహం లోపల్నుంచే ఉబ్బి, పగిలి, పొడైపోతుంది. దాన్ని జింక్ పెస్ట్ అంటారు. ఆ జబ్బు పట్టిన బండికి వైద్యం లేదు. తేమ, వేడి దాన్ని తొందరపెడతాయి. కృష్ణ ఒడ్డున ఉండేవాళ్ళు గాజు అల్మారాలో సిలికా జెల్ పొట్లాలు పెట్టి, వర్షాకాలం ముందు మార్చుకుంటూ ఉండండి. ఇంకోటి, మెత్తటి టైర్లలో మెత్తదనం కోసం కలిపే ప్లాస్టిసైజర్ ఏళ్ళు గడిచేకొద్దీ బయటికొచ్చి కింద ఉన్న పారదర్శక ప్లాస్టిక్ పీఠాన్ని కరిగిస్తుంది, టైరు అతుక్కుపోతుంది. పీఠానికీ టైరుకీ మధ్య పలచటి పాలిథిన్ ముక్క వేస్తే చాలు. ఎండ పడే కిటికీ దగ్గర మాత్రం ఏ బండీ పెట్టకండి, ముఖ్యంగా ఎరుపు.

ప్రస్తుతం నేను వెతుకుతున్నది 1970 బ్యూక్ జీఎస్ఎక్స్. మా ఇంటికి గంట దూరంలో ఉన్న ఫ్లింట్ బ్యూక్ వాళ్ళ సొంత ఊరు. ఆ ఏడాది 678 మాత్రమే చేశారు. 455 క్యూబిక్ అంగుళాల ఇంజను. రెండే రంగులు, శాటర్న్ పసుపు, అపోలో తెలుపు. పక్క పొడుగునా పోయి వెనక స్పాయిలర్ మీదకి ఎక్కే నల్ల పట్టీ దాని ప్రాణం. స్టాక్ రూపంలో మోడళ్ళు చూశాను. ప్రో టూరింగ్ రూపంలో, 1:24లో, ఆ నల్ల పట్టీని అలాగే ఉంచి కింద 18 అంగుళాల లెక్కకి చక్రాలు వేసినది మాత్రం నా కంట పడలేదు. మీలో ఎవరికైనా ఎక్కడైనా కనబడితే పక్క నుంచి తీసిన ఫొటో ఒకటి, టైరు ఎత్తు మిల్లీమీటర్లలో నాకు పంపండి. పసుపు రంగుదైతే మరీ సంతోషం.